పోర్ట్‌ఫోలియో ఎక్కడ పెట్టాలి? వాకబు చేసేవాళ్లు చూసే చోట

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మాదాపూర్‌లో ఒక కంపెనీలో మూడేళ్లు డిజైనర్‌గా చేసి, నాలుగు నెలల కిందట మానేసి సొంతంగా పని మొదలుపెట్టారు. చూపించుకోదగ్గ పనులు ఆరేడు ఉన్నాయి. వాటిలో మిర్యాలగూడ రైస్ మిల్లువాళ్ల బస్తా డిజైన్, దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల క్లినిక్ లోగో మీకు బాగా ఇష్టం. వీటిని పోర్ట్‌ఫోలియోగా, అంటే పనుల నమూనాలుగా, డిజైనర్ల సైట్లయిన బిహాన్స్‌లో పెట్టాలా, డ్రిబుల్‌లో పెట్టాలా, ఇన్‌స్టాగ్రామ్ సరిపోతుందా, లేకపోతే డబ్బు పెట్టి సొంత వెబ్‌సైట్ చేయించుకోవాలా? స్నేహితుడు అన్నిచోట్లా పెట్టెయ్ అన్నాడు. పాత కంపెనీలో చేసినవి కూడా చూపించవచ్చా అన్నది రెండో ప్రశ్న.

నేను 2008లో చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని మొదలుపెట్టాను. 2013 నుంచి ఫ్రీలాన్స్. మీ స్నేహితుడు చెప్పినట్టు అన్నిచోట్లా పెట్టి కూడా చూశాను. ఏడు చోట్ల ఖాతాలు, ఏడు పాస్‌వర్డ్‌లు, అన్నింటిలోనూ రెండేళ్ల కిందటి పని. ఒకచోట పాత ఫోన్ నంబరు అలాగే ఉండిపోయి, దానికి ఎన్ని కాల్స్ వెళ్లాయో నాకు ఇప్పటికీ తెలియదు. కాబట్టి ఆ ప్రయోగం మీరు మళ్లీ చేయనక్కర్లేదు.

అసలు మీకు పని ఎలా వస్తోందో ముందు చూసుకోండి. పెళ్లి సంబంధాల సంగతి మనకు తెలిసిందే కదా. మాట్రిమొనీ సైట్‌లో చూసినా, పేరయ్య చెప్పినా, ఆ తర్వాత వాకబు తప్పదు. అబ్బాయి ఎలాంటివాడు, ఇల్లు ఎక్కడ, ఉద్యోగం నిజమేనా అని ఎవరో ఒకరు మెల్లగా కనుక్కుంటారు. క్లయింటు కూడా అంతే. హైదరాబాద్‌లో నాకు వచ్చిన పనుల్లో ముప్పావు వంతు ఎవరో పేరు చెప్తే వచ్చినవే. ప్రింటింగ్ ప్రెస్ ఆయన చెప్పాడు, ఆడిటర్ గారు చెప్పారు, పాత పార్టీ (క్లయింటు) బావమరిది చెప్పాడు. పేరు వాళ్లు చెప్పాక, అవతలి మనిషి రాత్రి భోజనం చేసి ఫోన్ చేతిలోకి తీసుకుని మన గురించి వాకబు మొదలుపెడతాడు. పోర్ట్‌ఫోలియో పనికొచ్చేది ఆ రెండు నిమిషాల్లోనే. ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. మీకు డబ్బు ఇవ్వబోయే మనిషి ఏ తోవలో వచ్చి, ఏ ఫోన్‌లో, ఎంత ఓపికతో చూస్తాడు అన్నదాన్ని బట్టి చోటు ఎంచుకోవాలి.

దీన్ని నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక పచ్చళ్ల కంపెనీ యజమానికి, అరవై దాటిన మనిషికి, నా పనుల లింకు వాట్సాప్‌లో పంపాను. అది బాగా పేరున్న సైటే. రెండు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే, “అది తెరిస్తే నన్నే పేరు, ఈమెయిలు అడుగుతోందయ్యా, నాకెందుకొచ్చిన గొడవ అని మూసేశా” అన్నారు. నా పని ఆయన చూడనే లేదు. లాగిన్ అయి ఉన్న నా ల్యాప్‌టాప్‌లో నాకు అంతా శుభ్రంగా కనిపిస్తోంది, లాగిన్ లేని ఆయన ఫోన్‌లో మాత్రం రెండు బొమ్మలు దాటగానే అడ్డంగా ఒక తెర దిగుతోంది. ఆ పని వేరేవాళ్లకి వెళ్లింది.

అప్పటినుంచి నాకో పరీక్ష ఉంది. ఏ చోటైనా సరే, మీ పనులు పెట్టాక, ఆ సైట్‌లో ఖాతా లేనివాళ్ల ఫోన్ ఒకటి తీసుకోండి. అమ్మదో, పక్కింటి అంకుల్‌దో, పదివేల రూపాయల ఫోన్ అయితే ఇంకా మంచిది. వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో లింకు తెరవండి. వీలైతే అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ మెట్రోలో వెళ్తూ తెరవండి, అక్కడక్కడా సిగ్నల్ ఎలాగూ సతాయిస్తుంది. మొదటి బొమ్మ రావడానికి ఎంతసేపు పట్టింది? లాగిన్ అడిగిందా? మీ ఫోన్ నంబరు దొరకడానికి ఎన్నిసార్లు నొక్కాల్సి వచ్చింది? యాప్ డౌన్‌లోడ్ చేసుకోమని బతిమాలిందా? ఈ పరీక్షలో తప్పిన చోటు ఎంత గొప్పదైనా, మీ వాకబు లింకుగా అది పనికిరాదు. వేరే పనికి పనికొస్తుందేమో, అది తర్వాత చూద్దాం.

ఇప్పుడు మీరు అడిగిన పేర్లు ఒక్కొక్కటీ.

బిహాన్స్ నాకు నుమాయిష్‌లా అనిపిస్తుంది. నాంపల్లిలో జనవరి 1న మొదలై నలభై ఆరు రోజులు నడిచే మన ఎగ్జిబిషన్ ఉంది కదా, అలాగన్నమాట. అక్కడ స్టాల్ పెడితే జనం కనిపిస్తారు, కానీ తిరిగేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. బిహాన్స్‌లో మీకు లైక్ కొట్టేది ఎక్కువగా మనలాంటి డిజైనర్లే. వాళ్లు మెచ్చుకుంటే బాగానే ఉంటుంది, కాకపోతే వాళ్లు బిల్లు కట్టరు. అంతమాత్రాన తీసిపారేయాల్సింది కాదు. 2005లో మొదలైన ఆ సైట్‌ను 2012 చివర్లో అడోబీ కొన్నది. ప్రాథమిక ఖాతా ఉచితం. ప్రాజెక్టును పై నుంచి కిందికి పొడుగ్గా, బొమ్మ, మాట, బొమ్మ, మాట అన్నట్టు చెప్పుకోవచ్చు. గూగుల్‌లో వెతికితే అక్కడి పేజీలు దొరుకుతాయి. ఏజెన్సీల్లో ఆర్ట్ డైరెక్టర్లు, బయటి దేశాల స్టూడియోలు, మీలాంటివాళ్లకి పని పంచి ఇచ్చే సీనియర్ డిజైనర్లు అక్కడ చూస్తారు. ప్యాకేజింగ్, బ్రాండింగ్ చేసే మీకు రెండో చోటుగా బిహాన్స్ సరైనదే. మొదటి చోటుగా మాత్రం వద్దంటాను.

డ్రిబుల్ సంగతి వేరు. 2009లో పుట్టినప్పుడు అది డిజైనర్లు తాము చేస్తున్న పనిలో ఒక చిన్న ముక్కను తోటివాళ్లకి చూపించుకునే చోటు. బొమ్మ సైజు 400 పిక్సెళ్లకి 300. అందుకే దాన్ని షాట్ అంటారు, బాస్కెట్‌బాల్ భాష. ఎవరైనా ఆహ్వానిస్తేనే పని పెట్టగలిగే రోజులు చాలాకాలం నడిచాయి. ఆ పుట్టుక వాసన ఇంకా పోలేదు. చిన్న చట్రంలో మెరిసే పనికి అక్కడ విలువ. యాప్ స్క్రీన్లు, ఐకాన్లు, యానిమేషన్ ముక్కలు చేసేవాళ్లకి బాగుంటుంది. మీ బియ్యం బస్తాను ఆ చిన్న చట్రంలో ఇరికిస్తే అది మామూలు బస్తాలా కనిపిస్తుంది, దాని వెనక మీ ఆలోచన కనిపించదు. అక్కడ చేరేటట్లయితే మాత్రం ఒక జాగ్రత్త. క్లయింటుకు మీ ఫోన్ నంబరు, ఈమెయిలు ఇవ్వడం గురించి, డబ్బు ఎక్కడ తీసుకోవాలన్నదాని గురించి నిబంధనలు ముందే చదవండి. పని కుదిర్చిపెట్టే ఏ సైట్‌కైనా ఇది వర్తిస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌ను డిజైనర్లు కొందరు చిన్నచూపు చూస్తారు, నేను చూడను. హైదరాబాద్‌లో కేఫ్‌లు, బొటిక్‌లు, బేకరీలు, మేకప్ ఆర్టిస్టులు, పెళ్లిళ్ల ఈవెంట్లు చేసేవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. హిమాయత్‌నగర్‌లో కేఫ్ పెట్టబోయే అమ్మాయి బిహాన్స్ పేరే విని ఉండదు. ఆమె మీ ఇన్‌స్టా పేజీ తెరిచి, మొదటి తొమ్మిది బొమ్మలు చూసి, నచ్చితే అక్కడే మెసేజ్ పెడుతుంది. వాకబు మొత్తం ఇరవై సెకన్లలో అయిపోతుంది. ఆ తొమ్మిదింట్లో మీ పని ఉండాలి. దసరా శుభాకాంక్షలు, బిర్యానీ ఫోటో, మీ పిల్లి ఉండకూడదు. పిల్లికి వేరే ఖాతా తెరవండి.

దానితో ఇబ్బంది ఏమిటంటే, గోడ మనది కాదు. 2025 మొదట్లో ప్రొఫైల్ గ్రిడ్‌ను చతురస్రాల నుంచి నిలువు చట్రాలకి మార్చేశారు. తొమ్మిది చతురస్రాలు కలిపి ఒకే పెద్ద బొమ్మ కనపడేలా నెలలు కష్టపడి పేర్చుకున్నవాళ్లందరి వరస చెదిరిపోయింది. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టుకోవడం కూడా ఓనర్ ఇష్టమే. ఆర్కుట్ 2014 సెప్టెంబర్‌తో పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. వెబ్‌లో యానిమేషన్లు ఆడించిన ఫ్లాష్‌కి 2020 డిసెంబర్ 31తో అడోబీ మంగళం పాడింది, దాంతో కట్టిన పాత డిజైనర్ల సైట్లన్నీ ఖాళీ డబ్బాలైపోయాయి. నేనూ ఒక ఉచిత పోర్ట్‌ఫోలియో సర్వీసులో నాలుగేళ్ల పని పెట్టుకున్నాను. అది మూసేస్తున్నామని ఈమెయిలు పంపింది, నేను చూసుకోలేదు. పనులు హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను, కానీ విజిటింగ్ కార్డుల మీద ఆ లింకు అచ్చయి ఉంది. ఐదు వందల కార్డులు. పెన్నుతో కొట్టేసి కొత్తది రాసి ఇచ్చాను కొన్నాళ్లు, డిజైనర్‌ని అయ్యుండి.

అందుకే నేను చెప్పేది: పని ఎక్కడ పెట్టినా, చిరునామా మీది కావాలి. వెబ్‌సైట్, చిరునామా రెండూ వేరని చాలామంది గమనించరు. మీ పేరుతో ఒక డాట్ ఇన్ లేదా డాట్ కామ్ కొనుక్కోండి. ఏడాదికి వెయ్యి రూపాయలకి అటూ ఇటూ అవుతుంది. మొదటి ఏడాది వంద, రెండొందలు అని ఊరిస్తారు, మీరు చూడాల్సింది రెన్యువల్ రేటు. ఆ చిరునామాను మొదట్లో నేరుగా మీ బిహాన్స్ పేజీకి మళ్లించినా తప్పులేదు. రేపు బిహాన్స్ నచ్చకపోతే, సొంత సైట్ కట్టుకుంటే, చిరునామాను అటు తిప్పుకుంటారు. కార్డు మీద, ఈమెయిలు సంతకంలో, పాత క్లయింట్ల ఫోన్లలో ఉన్న లింకు మారదు. మీ ఫోన్ నంబరు అలాగే ఉంచుకుని ఎయిర్‌టెల్ నుంచి జియోకి మారినట్టు అనుకోండి.

ఆ డొమైన్ తప్పనిసరిగా మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, మీ కార్డుతో కొనండి. నాకు తెలిసిన ఒకావిడ, మంచి ఇలస్ట్రేటర్, వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడికే ఆ పని కూడా అప్పగించింది. అతను తన ఖాతాలో కొన్నాడు. రెండేళ్లకి అతను ఎమ్మెస్ అంటూ డాలస్ వెళ్లాడు, ఇండియా నంబరు ఆగిపోయింది, రెన్యువల్ గుర్తుచేసే ఈమెయిళ్లు అతను వాడని మెయిల్‌కి వెళ్లాయి. గడువు తీరింది. ఇప్పుడు ఆ చిరునామాలో ఏదో రమ్మీ ప్రకటన వస్తోంది. ఆమె ఇంటిపేరుతో.

ఇంకో చిక్కు, దీనిలో ఎవరి తప్పూ లేదు. 2021 అక్టోబర్ నుంచి రిజర్వు బ్యాంకు నియమాల వల్ల కార్డు నుంచి ప్రతి నెలా, ప్రతి ఏడాదీ దానంతట అదే డబ్బు కట్ కావాలంటే మీరు ముందే అనుమతి నమోదు చేయాలి. ఆ నమోదు పద్ధతికి కుదరని విదేశీ సైట్లకి మన కార్డు నుంచి ఆటో పేమెంట్ ఆగిపోతుంది. పేమెంట్ ఫెయిల్ అయిందని మనం గమనించేలోపు సైట్ మూతపడుతుంది. ఫోన్ క్యాలెండర్‌లో గడువుకి నెల ముందే ఒక గుర్తు పెట్టుకోండి.

సరే, చిరునామా కొన్నారు. సైట్ దేనితో కట్టాలి? మీరు ఫోటోషాప్, ఇలస్ట్రేటర్ కోసం అడోబీకి ఎలాగూ నెలనెలా కడుతూ ఉంటే, ఆ చందాలోనే అడోబీ పోర్ట్‌ఫోలియో కలిసి ఉందేమో ఒకసారి చూసుకోండి. చాలామందికి ఉంటుంది, వాళ్లకి ఆ సంగతే తెలియదు. కోడింగ్ అక్కర్లేదు, బిహాన్స్‌లో పెట్టిన ప్రాజెక్టులను అటు లాక్కోవచ్చు, మీ డొమైన్ తగిలించుకోవచ్చు. డిజైన్లు కాస్త ముతకగా, కొన్ని మూసల్లోనే ఉంటాయి, అయినా మీ పని ముందుంటుంది కాబట్టి పర్లేదు. చందా ఆపేస్తే సైట్ కూడా ఆగిపోతుంది, అది గుర్తుంచుకోవాలి. అడోబీ చందా లేకపోతే ఫ్రేమర్, కార్డ్ (Carrd), విక్స్, స్క్వేర్‌స్పేస్, వెబ్‌ఫ్లో, వర్డ్‌ప్రెస్ లాంటి సైట్ కట్టే సర్వీసులు ఉన్నాయి. వీటిలో ఏది అన్నదాని మీద రెండు నెలలు యూట్యూబ్ చూడకండి. డాలర్లలో చెప్పిన రేటుకి 18 శాతం జీఎస్టీ, కార్డు ఇచ్చిన బ్యాంకు మార్పిడి రుసుము కలుపుకుని లెక్కేయండి, అప్పుడు అసలు ఖరీదు తెలుస్తుంది. ఒకే పేజీ చాలనుకుంటే చవకలో Carrd బాగుంటుంది. వర్డ్‌ప్రెస్ సొంతంగా హోస్టింగ్ (సైట్ ఉంచే సర్వర్ చోటు) తీసుకుని పెట్టుకుంటే చవకే కానీ, అప్‌డేట్లు, ప్లగిన్లు, హ్యాకింగ్ టెన్షన్ మీదే. ఓపిక లేనివాళ్లకి నేను చెప్పను. నలభై వేలు పెట్టి ఎవరితోనో సైట్ చేయించుకోవడం ఇప్పుడు అస్సలు వద్దు. నాలుగు నెలల ఫ్రీలాన్స్‌లో ఆ డబ్బు రెండు నెలల ఇంటద్దె.

సైట్‌లో ఏముండాలి అన్నది మీరు అడగలేదు, కానీ చోటు కంటే నేను ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. మీ బియ్యం బస్తానే తీసుకుందాం. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది ఇంటర్నెట్‌లో దొరికే మాకప్ (నమూనా ఫోటో) మీద అతికించిన బొమ్మ, కింద “రైస్ బ్యాగ్ డిజైన్” అన్న మూడు మాటలు అనుకుంటాను. దాన్ని చూసి రేపు ఇంకో మిల్లు యజమాని ఏం తెలుసుకోవాలి? ఆ బస్తా 26 కిలోలది ఎందుకైందో రాయండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది, మిల్లర్లు చాలామంది 26 కిలోలకి మారారు, దాంతో పాత బస్తా కొలతలు, అక్షరాల అమరిక మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. గ్రావ్యూర్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చేయించాలి కాబట్టి రంగులు ఎలా తగ్గించారో రాయండి. బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు ముందు వైపు కనపడదు, పక్క అంచే కనపడుతుంది, అక్కడ బ్రాండ్ పేరు ఎలా పెట్టారో చూపించండి. ఈ నాలుగు ముక్కలు చదివిన మిల్లు యజమానికి, ఈ మనిషికి మా బాధ తెలుసు అనిపిస్తుంది. వాకబు అక్కడితో పూర్తవుతుంది. ఇలా రాసిన ప్రాజెక్టులు నాలుగు చాలు. మీ ఆరేడులో బలహీనమైన రెండు తీసెయ్యండి, చూసేవాడు మిమ్మల్ని కొలిచేది ఆ బలహీనమైన దానితోనే.

పెన్సిల్ స్కెచ్‌లు కూడా ఒకటో రెండో పెట్టండి. ఈమధ్య పార్టీలు “ఏఐతో చేశావా” అని నేరుగానే అడుగుతున్నారు. కాగితం మీద కొట్టివేతలు ఉన్న ఒక్క ఫోటో ఆ ప్రశ్నకి జవాబు.

రెండు సాంకేతిక సంగతులు గబగబా చెప్తాను. ప్రింటుకు పంపిన సీఎంవైకే (అచ్చు రంగుల) ఫైలునే ఎగుమతి చేసి పెడితే తెర మీద రంగులు తప్పుగా కనిపించవచ్చు, తెర రంగుల పద్ధతి ఎస్ఆర్‌జీబీకి మార్చి పెట్టండి. ఒక్కో బొమ్మ నాలుగైదు ఎంబీలు ఉంటే మెట్రోలో చూసేవాడు దిగిపోయే స్టేషన్ వచ్చేస్తుంది, కొన్ని వందల కేబీల్లోకి తగ్గించండి.

తెలుగు అక్షరాలతో పని చేసేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. మీ లోగోలో, బస్తా మీద ఉన్న తెలుగు బొమ్మలో భాగం, గూగుల్ దాన్ని నమ్మకంగా చదవలేదు. కింద వివరణలో ఆ పేర్లు యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. యూనికోడ్ కాని పాత డీటీపీ అను ఫాంట్లలో ఉన్నదాన్ని కాపీ చేసి వెబ్‌లో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి, మళ్లీ టైపు చేసుకోవాల్సిందే. సైట్ బిల్డర్ ఇచ్చే అందమైన ఇంగ్లీషు ఫాంట్లలో చాలావాటికి తెలుగు ఉండదు, అప్పుడు ఫోన్ తన దగ్గరున్న ఏదో ఒకటి వాడేస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు ఉచితంగా ఉన్నాయి. వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి ఇచ్చినదానికంటే ఎక్కువ ఇవ్వండి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. తెలుగు అక్షరకళ మీద మోజు ఉన్న ప్రచురణకర్తలు, రచయితలు ఇంకా ఫేస్‌బుక్‌లోనే ఎక్కువ. పుస్తకాల ముఖచిత్రాలు చేయాలని ఉంటే అక్కడ ఒక పేజీ, డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కి వెళ్లి నలుగురిని పలకరించడం, ఈ రెండూ మీకు డ్రిబుల్ కంటే ఎక్కువ పనిచేస్తాయి.

ఇక ఊళ్లో వ్యాపారుల సంగతి. క్లినిక్ డాక్టర్, రియల్ ఎస్టేట్ వెంచర్ ఆయన, స్వీట్ షాపు యజమాని, వీళ్లు లింకు కంటే వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ తెరుస్తారు. ఎనిమిది పేజీల పీడీఎఫ్ ఒకటి తయారుగా ఉంచుకోండి, ఐదు ఎంబీలు దాటకుండా, నిలువు పేజీలుగా, ఫోన్‌లో అటూ ఇటూ లాగకుండా చదివేలా. ఫైలు పేరు “ఫైనల్ న్యూ 3” అని కాకుండా మీ పేరు, మీ నంబరు పెట్టండి. ఎందుకంటే ఆ పీడీఎఫ్ వాళ్ల వదినకి, తోడల్లుడికి ఫార్వర్డ్ అవుతుంది, అప్పుడు దానితో పాటు వెళ్లేది ఆ పేరొక్కటే. ఫోటోలు విడిగా పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే వాట్సాప్ వాటిని నలిపేస్తుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్యాటలాగ్ అని ఒక సదుపాయం ఉంది, ఉచితం, విజిటింగ్ కార్డు నుంచి మెనూ కార్డు దాకా చిన్న పనులు అందులో పెట్టుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో ఒక బిజినెస్ ప్రొఫైల్ కూడా తెరవండి. క్లయింట్లను వాళ్ల చోటుకి వెళ్లి కలుస్తారు కాబట్టి మీ ఇంటి చిరునామా బయటపెట్టకుండా, పనిచేసే ఏరియాలు మాత్రమే చూపించవచ్చు. క్లినిక్ డాక్టర్ గారిని అక్కడ రెండు మాటలు రాయమని అడగండి. పది లైకుల కంటే ఒక డాక్టర్ రాసిన రెండు వాక్యాలు వాకబులో బరువు తూగుతాయి.

యాప్‌లు, సైట్ల తెరలు డిజైన్ చేసే యూఐ, యూఎక్స్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే లింక్డ్‌ఇన్ సరిగ్గా దిద్దుకోండి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల ప్రొడక్ట్ మేనేజర్లు అక్కడే వెతుకుతారు. ఫీచర్డ్ అన్నచోట మీ సైట్ లింకు పెట్టండి. వీఎఫ్ఎక్స్, గేమ్ ఆర్ట్ చేసేవాళ్లకి ఆర్ట్‌స్టేషన్, అది మీకు అవసరం లేదు.

ఆన్‌లైన్‌లో పని అమ్ముకునే ఫైవర్ లాంటి చోట్లు పోర్ట్‌ఫోలియోలు కావు, అవి బజారు. మీకు వచ్చేదాంట్లో ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది. కొత్తలో డాలర్లు ఎలా వస్తాయో చూడ్డానికి ఒకటీ అరా చేయవచ్చు. ధరతో పోటీ పడే అలవాటు అంటుకుంటే మాత్రం వదలదు.

సినిమా పనుల మీద ఒక మాట, కృష్ణానగర్ నుంచి మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ వస్తుంది కాబట్టి. ఈశ్వర్ గారి లాంటి పబ్లిసిటీ డిజైనర్ల రోజుల్లో పోస్టర్ గోడెక్కితే అదే వాళ్ల పోర్ట్‌ఫోలియో, ఊరంతా చూసేది. ఇప్పుడు ఫస్ట్ లుక్ బయటికి రాకముందే టైటిల్ డిజైన్ ముక్క ఒకటి మీ పేజీలో కనిపిస్తే ఆ ఆఫీసు గుమ్మం మళ్లీ తొక్కనివ్వరు. నేను ఒకసారి రిలీజ్ అయిన సినిమాకే, వాళ్లు ఎంపిక చేయని డిజైన్ పెట్టాను. అది తప్పని నాకు తెలియదు. మిగతా పేమెంట్ ఇప్పటికీ రాలేదు. ఎంపిక కానివి పెట్టాలంటే కూడా అడగాలి.

దీనితో మీ రెండో ప్రశ్నకి వచ్చాం. ఉద్యోగిగా జీతానికి చేసిన పని మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు కంపెనీది. మన 1957 కాపీరైటు చట్టం చెప్పేది అదే. కాబట్టి పాత మేనేజర్‌కి ఒక మర్యాదైన ఈమెయిలు రాయండి. “ఫలానా మూడు పనులు, మార్కెట్‌లోకి వచ్చేసినవి, మీ కంపెనీలో ఉండగా బృందంతో కలిసి చేశానని రాసి నా పేజీలో పెట్టుకోవచ్చా” అని. నాకు తెలిసి చాలామంది సరేనంటారు. జవాబు రాతలో ఉండాలి, చాయ్ దగ్గర అన్నమాట లెక్కలోకి రాదు. మీరు లేఅవుట్ మాత్రమే చేస్తే లేఅవుట్ చేశానని రాయండి. హైదరాబాద్ డిజైనర్ల లోకం చిన్నది, ఆ లోగో అసలు గీసిన మనిషి మీ పేజీ చూస్తాడు.

ఫ్రీలాన్స్ పనిలో వేరు. అక్కడ హక్కులు మీనుంచి వాళ్లకి వెళ్లాలంటే సంతకంతో కూడిన రాత ఉండాలి. మన దగ్గర చాలా పనులు ఏ కాగితమూ లేకుండానే నడుస్తాయి, అది వేరే కథ. ఇకమీదట కొటేషన్‌లోనే ఒక వాక్యం చేర్చండి: “పని విడుదలయ్యాక డిజైనర్ తన పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చు.” అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఎవరూ దానికి అడ్డు చెప్పరు. పని అయిపోయాక అడిగితే మాత్రం ఆలోచిస్తాం అంటారు.

కాబట్టి మీకు నా వరస ఇది. ఈ వారం డొమైన్ కొనండి. బస్తా, క్లినిక్, ఇంకో రెండు ప్రాజెక్టులు పైన చెప్పినట్టు రాసి బిహాన్స్‌లో పెట్టి, సొంత సైట్ వచ్చేదాకా మాత్రం చిరునామాను అటు తిప్పండి. అవే నాలుగూ పీడీఎఫ్‌గా చేసి ఫోన్‌లో ఉంచుకోండి. ఇన్‌స్టాలో తొమ్మిది బొమ్మలు సర్దండి. సొంత సైట్‌కి ఆర్నెల్లు ఆగండి, అప్పటికి మీకు ఎలాంటి పార్టీలు వస్తున్నారో తెలుస్తుంది, సైట్ వాళ్లకోసం కడతారు. కొత్త పార్టీ ఫోన్ చేసిన ప్రతిసారీ “నా గురించి ఎలా తెలిసిందండీ, ఎక్కడ చూశారు” అని అడిగి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పదిహేను పేర్లు పడ్డాక ఆ నోట్‌బుక్ నాకంటే బాగా జవాబు చెప్తుంది.

బస్తా ఫోటో మాత్రం మాకప్ తీసేసి నిజమైనది పెట్టండి. ఆ బియ్యం అమ్మే కిరాణా కొట్టు ఏదో మిల్లువాళ్లని అడిగి, పొద్దున్నే కొట్టు తెరిచే వేళకి వెళ్లండి. బస్తాలు వరసగా పేర్చి ఉంటాయి, వెలుతురు కూడా బాగుంటుంది. కొట్టాయన ఏమీ అనడు. వస్తూ వస్తూ ఒక కిలో కందిపప్పు కొనండి.